మాజీ సైనికుడు ఎమ్మెల్యేగా పోటీ చేయాలంటే ఎలా?

సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లకు ఊళ్లో మర్యాద దక్కుతుంది. రిటర్నింగ్ అధికారి (ఆర్వో) మాత్రం కాగితాలే చూస్తారు. మాజీ సైనికులకు ధరావతు (డిపాజిట్)లో రాయితీ లేదు, సీట్లలో కోటా లేదు. పైగా మామూలు అభ్యర్థికి రాని చిక్కులు కొన్ని సర్వీసు వల్లే వస్తాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభలకు పోటీ చేయాలనుకునేవాళ్లు వాటిని ముందే తేల్చుకోవాలి.

సర్వీసు నుంచి పూర్తిగా బయటపడ్డారా?

యూనిఫాంలో ఉండగా పోటీ చేయడం కుదరదు. రిటైర్మెంట్‌కు ముందు సెలవు పెట్టి ఇంటికొచ్చిన రోజులు కూడా సర్వీసు కిందికే వస్తాయి. డిశ్చార్జి బుక్‌లో ఉన్న తేదీ దాటాకే రంగంలోకి దిగాలి. పెన్షన్ తీసుకోవడం అడ్డంకి కాదు. అడ్డంకి రెండో ఉద్యోగం. డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లోనో, పోస్టాఫీసులోనో, రాష్ట్ర ప్రభుత్వ శాఖలోనో మళ్లీ చేరినవాళ్లు లాభదాయక పదవిలో ఉన్నట్టే. రాజీనామా పంపితే సరిపోదు. దాన్ని ఆమోదించినట్టు ఉత్తర్వు చేతికి రావాలి, అదీ నామినేషన్ వేయకముందే.

సర్వీసు నుంచి డిస్మిస్ అయి అయిదేళ్లు నిండనివాళ్లు, అది అవినీతి వల్లో దేశద్రోహం వల్లో కాదని ఎన్నికల సంఘం నుంచి సర్టిఫికెట్ తెచ్చి నామినేషన్‌కు జతచేయాలి. అది లేకుంటే నామినేషన్ నిలవదు.

నామినేషన్ల పరిశీలన రోజుకు 25 ఏళ్లు నిండి ఉండాలి. నాలుగేళ్లకే బయటికొచ్చే అగ్నివీరుల్లో చాలామంది దీనికోసం ఆగాల్సి వస్తుంది.

ఓటు ఎక్కడుంది?

ఎమ్మెల్యే అభ్యర్థికి ఆ రాష్ట్రంలో ఏదో ఒక నియోజకవర్గంలో ఓటు ఉండాలి. సైనికుల పేర్లు సర్వీసు ఓటర్లుగా జాబితా చివరి భాగంలో ఉంటాయి. కొందరు పోస్టింగ్ ఉన్న వేరే రాష్ట్రంలో ఓటు తీసుకుని అలాగే వదిలేస్తారు. డిశ్చార్జి అయిన వెంటనే పాత పేరు తీయించి, సొంతూళ్లో మామూలు ఓటరుగా నమోదు కావాలి. కొత్త ఓటుకు ఫారం 6, మామూలు ఓటును ఒకచోటి నుంచి మరోచోటికి మార్చుకోవడానికి ఫారం 8. రెండుచోట్లా పేరుండటం ప్రత్యర్థి చేతికి ఆయుధం ఇవ్వడమే. నోటిఫికేషన్ దాకా ఆగొద్దు, కనీసం ఆర్నెల్ల ముందే చూసుకోండి. ఓటు ఒక నియోజకవర్గంలో ఉండి పోటీ మరోచోట అయితే, జాబితాలో మీ పేరున్న పేజీ ధ్రువీకృత ప్రతి తెచ్చుకోవాలి.

నామినేషన్

శాసనసభకు ఫారం 2బి. ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 వరకు తీసుకుంటారు. ధరావతు రూ.10,000, ఎస్సీ ఎస్టీలకు రూ.5,000. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక ప్రతిపాదకుడు చాలు, స్వతంత్రులకు పదిమంది కావాలి. అందరూ ఆ నియోజకవర్గ ఓటర్లే అయి ఉండాలి. పదిమందిలో ఒక్కరి ఓటు పక్క నియోజకవర్గంలో ఉన్నా ఆ సెట్టు పోయినట్టే. వేలిముద్ర వేసేవాళ్లు ఉంటే ఆర్వో ముందే వేయించాలి. ఒక అభ్యర్థి నాలుగు సెట్ల దాకా వేయొచ్చు, ధరావతు మాత్రం ఒక్కసారే. వేర్వేరు ప్రతిపాదకులతో కనీసం రెండు సెట్లు వేయడం మంచిది. పార్టీ అభ్యర్థులైతే, టికెట్‌ను ధ్రువీకరిస్తూ పార్టీ ఇచ్చే ఫారం ఎ, ఫారం బి సిరా సంతకాలతో చివరిరోజు మూడింటిలోపు అందాలి.

అన్నిటికంటే ఎక్కువ సమయం తినేది ఫారం 26 అఫిడవిట్. ఒక్క గడి కూడా ఖాళీగా వదలకూడదు. లేనిచోట ‘లేదు’ అనో ‘వర్తించదు’ అనో రాయాలి. ఆర్వో నోటీసు ఇచ్చాక కూడా ఖాళీలు నింపకపోతే తిరస్కరించవచ్చని 2013లో సుప్రీంకోర్టు తేల్చింది. గ్రాట్యుటీ, కమ్యూటేషన్ (పెన్షన్‌లో కొంత భాగానికి ముందే ఒకేసారి తీసుకున్న) డబ్బు ఎక్కడ దాచారో, మాజీ సైనికుల కోటాలో వచ్చిన భూమి ఎంతో, భార్య పేరిట ఉన్న ఖాతాలు, బంగారం, అన్నీ అందులో రావాలి.

ఇక్కడే సైనికులు చిక్కుకునే గడి ఒకటుంది. గత పదేళ్లలో ప్రభుత్వ క్వార్టర్లో ఉన్నారా అని అడుగుతుంది. కంటోన్మెంట్‌లో కుటుంబంతో కాపురం ఉండి వచ్చినవాళ్లు ‘లేదు’ అని రాస్తే అది తప్పుడు ప్రమాణమే. అద్దె, కరెంటు, నీళ్లు, టెలిఫోన్ బకాయిలు లేవని సర్టిఫికెట్ జతచేయాలి. పఠాన్‌కోట్‌లోనో జోధ్‌పూర్‌లోనో ఉన్న ఎంఈఎస్ (మిలటరీ ఇంజినీర్ సర్వీసెస్) ఆఫీసు నుంచి ఆ కాగితం వారంలో రాదు. క్వార్టర్ ఖాళీ చేసిన రోజే తీసుకుని డిశ్చార్జి బుక్‌తో పాటు దాచిపెట్టుకోవాలి.

నామినేషన్ వేశాక అభ్యర్థి ప్రమాణం చేయాలి. ఇది పరిశీలన జరిగే రోజుకు ముందే అయిపోవాలి. సైన్యంలో ఒకసారి చేశాం కదా అనుకుంటే కుదరదు, ఇది వేరు. నామినేషన్ ఇచ్చిన చేత్తోనే చేసేసి, ఆర్వో ఇచ్చే ధ్రువపత్రం అడిగి తీసుకోండి.

డబ్బు లెక్క

నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందు ఎన్నికల ఖర్చు కోసం వేరే బ్యాంకు ఖాతా తెరవాలి. పెన్షన్ వచ్చే ఖాతా వాడొద్దు. ఈ రెండు రాష్ట్రాల్లో ఖర్చు పరిమితి రూ.40 లక్షలు. ఒక వ్యక్తికి ఎన్నిక మొత్తంలో రూ.10,000 దాటే చెల్లింపులు చెక్కు ద్వారానో ఆన్‌లైన్‌లోనో జరగాలి. భోజనాలు, జీపులు, షామియానాలు, మైకులు రోజువారీ రిజిస్టర్లో రాయాలి. ప్రచారం జరిగే రోజుల్లోనే దాన్ని మూడుసార్లు తనిఖీకి పెట్టాలి.

యూనిఫాం పోస్టరు వద్దు

చేసే పొరపాట్లలో ఇది మొదటిది. రాజకీయ ప్రకటనల్లో సైనికుల ఫొటోలు వాడొద్దని 2013 డిసెంబరులో ఎన్నికల సంఘం చెప్పింది, 2019 మార్చిలో మళ్లీ గుర్తుచేసింది. మీ సొంత ఫొటోయే అయినా యూనిఫాంలో ఉంటే ఫిర్యాదు వస్తుంది. మెడల్స్ పెట్టుకుని ఊరేగడం, సరిహద్దు సంఘటనలను ఓట్లకు వాడటం కూడా వద్దు. సివిల్ దుస్తుల్లో, ఎన్నేళ్లు ఎక్కడ పనిచేశారో రెండు వాక్యాల్లో రాసుకుంటే చాలు. ప్రతి పోస్టరు మీదా ప్రింటరు పేరు, చిరునామా ఉండాలి. ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) పాలీక్లినిక్, సైనికులకు సరుకులు అమ్మే సీఎస్‌డీ క్యాంటీన్, సైనిక సంక్షేమ కార్యాలయం ప్రభుత్వ ప్రాంగణాలు, అక్కడ కరపత్రాలు పంచకూడదు. లైసెన్సు తుపాకీ ఉంటే పోలీసులు అడిగినప్పుడు స్టేషన్లో అప్పగించి రసీదు తీసుకోండి.

ఓట్లు ఎక్కడినుంచి?

తాడేపల్లిగూడెం దగ్గర, ఇంటింటా సైనికులుండే మిలటరీ మాధవరం లాంటి ఊళ్లు అరుదు. మిగతాచోట్ల మాజీ సైనికుల కుటుంబాలు ఊరికి నాలుగైదు చొప్పున చెదిరి ఉంటాయి. ఆ ఓట్లతో గెలవరు. ఆ కుటుంబాలు పనికొచ్చేది బూతుల్లో. నియోజకవర్గంలో 250 బూతులుంటే అన్ని ఏజెంట్లు కావాలి, ఒక్కొక్కరికి ఇద్దరిని మార్పిడికి పెట్టుకోవచ్చు. వేళకు వచ్చి, చివరిదాకా కదలకుండా కూర్చుని, పోలింగ్ ముగిశాక పోలైన ఓట్ల లెక్క ఉండే ఫారం 17సి తీసుకునే మనిషి దొరకడం కష్టం. మాజీ సైనికులకు అది అలవాటైన పని.

సర్వీసులో ఉన్న కుర్రాళ్లకు ఆన్‌లైన్‌లో బ్యాలెట్ వెళ్తుంది, ముద్రించుకుని ఓటేసి పోస్టులో పంపాలి. లెక్కింపు మొదలయ్యేలోపు చేరాలి. జతచేసే డిక్లరేషన్ మీద సంతకం, దానికి అధికారి ధ్రువీకరణ (అటెస్టేషన్) లేకపోతే చెల్లదు. ఈ సంగతి వాళ్ల ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి.

ఒక్క ఎన్నికతో తేలుతుందనీ అనుకోవద్దు. యుద్ధ విమాన పైలట్‌గా చేసిన కెప్టెన్ ఉత్తమ్‌కుమార్ రెడ్డి 1994లో కోదాడలో ఓడిపోయారు, 1999లో అక్కడే గెలిచారు.

ధరావతు వెనక్కి రావాలంటే చెల్లిన ఓట్లలో ఆరోవంతు దాటాలి. అంటే 1,80,000 ఓట్లు చెల్లితే 30,000 పైన. గెలిచినా ఓడినా, ఫలితం వచ్చిన 30 రోజుల్లో ఖర్చు లెక్కలు జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఓడినవాళ్లు ఎక్కువగా వదిలేసేది దీన్నే. సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే ఎన్నికల సంఘం మూడేళ్లపాటు అనర్హత వేటు వేస్తుంది.