దీవుల జనం, సముద్ర జీవుల మీద స్టడీ చేయాలా? ముందు మన చెరువు కట్ట ఎక్కండి

లక్షద్వీప్‌లోనో అండమాన్‌లోనో మనుషులకీ చేపలకీ తాబేళ్లకీ ఉన్న సంబంధం మీద ఆంత్రోపాలజీ ప్రాజెక్టు చేద్దామనుకుంటున్న వరంగల్ పిల్లలు, సముద్రం దూరమని టెన్షన్ పడకండి. నీళ్ల మీద బతికేవాళ్లను ఎలా అడగాలో పాకాల దగ్గరో మీ ఊరి చెరువు దగ్గరో గంగపుత్రులు, ముదిరాజుల నుంచే నేర్చుకోవచ్చు.

"చేపలతో మీ అనుబంధం ఏంటన్నా" అని మాత్రం అడగొద్దు, ఎవరూ జవాబు చెప్పలేరు. పని గురించి అడగండి. కొర్రమట్ట పిల్లలు గుంపుగా నీటి పైకి వచ్చినప్పుడు పెద్ద చేపలు కిందే కాపలా ఉంటాయి కదా, అప్పుడు వల వేస్తారా, వదిలేస్తారా, వదిలేయమని ఎవరంటారు? మత్స్యకారుల సొసైటీలో వాటాలు ఎట్లా పంచుకుంటారు? మృగశిర కార్తె నాడు బేరం ఎట్లా ఉంటుంది? ఇది చేపలమ్మే అక్కలనే అడగాలి, వాళ్లను వదిలేస్తే సగం స్టడీ పోయినట్టే.

తర్వాత, గంగమ్మకు ఎప్పుడు మొక్కుతారు, ఎప్పుడు మొక్కరు అన్నది విడివిడిగా రాసుకోండి. 1915-18 మధ్య పాపువా న్యూగినీ దగ్గరి ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి పరిశోధన చేసిన ఆంత్రోపాలజిస్టు మలినోవ్‌స్కీ గమనించింది ఇలాంటిదే: ప్రశాంతంగా ఉండే లగూన్‌లో (దీవి చుట్టూ పగడపు దిబ్బల లోపలి లోతు తక్కువ నీళ్లలో) చేపలు పట్టేటప్పుడు అక్కడివాళ్లకు మంత్రాల అవసరం లేదు, ప్రమాదం ఉండి ఏం దొరుకుతుందో తెలియని నడిసముద్రంలోకి వెళ్లాలంటే మాత్రం మంత్రాలూ తంతులూ బోలెడు. మత్తడి దూకే రోజుల్లో, ఎండాకాలం నీళ్లు అడుగంటినప్పుడు మన దగ్గర ఆ తేడా కనిపిస్తుందో లేదో చూడండి. లేకపోతే లేదనే రాయండి, బలవంతంగా సిద్ధాంతంలో ఇరికించొద్దు.

దీవికి వెళ్లాక ఒకే జీవి గురించి నలుగురిని అడగండి. లక్షద్వీప్‌లోని అగత్తిలో ఒకప్పుడు పచ్చ తాబేళ్లు పెరిగి లగూన్‌లోని సముద్రపు గడ్డి మేసేస్తుంటే, తమ చేపలు తగ్గడానికి అవే కారణమని జాలర్లు కోపంగా ఉండేవాళ్లు. బయటివాళ్లకు ముద్దొచ్చే తాబేలు వాళ్ల పొట్టకు పోటీ. మీ నోట్సులో రెండూ ఉండాలి.

లక్షద్వీప్‌కు మనకూ ఎంట్రీ పర్మిట్ కావాలి. అక్కడ మినికాయ్ దీవిలో మహల్ భాష, మిగతా దీవుల్లో మలయాళానికి దగ్గరైన జెసెరి మాట్లాడతారు, కొంచెమైనా నేర్చుకుని వెళ్లండి. అండమాన్‌లో బయటివాళ్లను రానివ్వని సెంటినెలీస్ తెగ ఉండే ఉత్తర సెంటినెల్ దీవికి వెళ్లడం నేరం, ఆ ఆలోచనే వద్దు.

ఇంకొకటి, చాలా ముఖ్యం. సముద్ర తాబేళ్లకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. ఎవరైనా నమ్మి "మేం తిన్నాం" అని చెబితే వాళ్ల పేరు, ఇల్లు, పడవ గుర్తు ఏదీ నోట్సులో కూడా రాయకండి.