ఓడ మీంచి లేచిన బాంబు వెనక ఎంత ఇంధనం? మీరే లెక్క కట్టండి

2014 ఆగస్టు 8న వచ్చిన వార్త రెండు ముక్కలే. అమెరికా నౌకాదళపు రెండు ఎఫ్/ఏ-18 విమానాలు ఇరాక్‌లో ఎర్బిల్ దగ్గర ఐసిస్ ఉగ్రవాదుల ఫిరంగి మీద, లేజర్ కాంతి వెంట గురికి పోయే 500 పౌండ్ల బాంబులు వేశాయి. అవి లేచింది గల్ఫ్‌లో ఉన్న జార్జ్ హెచ్.డబ్ల్యు. బుష్ అనే విమానవాహక నౌక నుంచి. ఇలాంటి వార్తను విప్పి చూడాలంటే బాంబును పక్కనపెట్టి ఇంధనంతో మొదలుపెట్టాలి.

ముందు దూరం తేల్చండి. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే 60 నాటికల్ మైళ్లు, నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. రేఖాంశం డిగ్రీ ఉత్తరానికి పోయేకొద్దీ చిన్నదవుతుంది, ఇరాక్ దగ్గర 50 వేసుకోండి. నౌక గల్ఫ్ పైకొసన 29.5 ఉత్తరం, 49 తూర్పులో ఉందనుకుందాం. ఎర్బిల్ 36.2 ఉత్తరం, 44 తూర్పు. ఉత్తరానికి 400, పడమరకు 250, పైథాగరస్ సూత్రం పెడితే సుమారు 475 నాటికల్ మైళ్లు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ఆ సరళరేఖ అక్కడక్కడా ఇరాన్ నేల మీదుగా పోతుంది. కాబట్టి పడమరకు వంగి ఇరాక్ మీదుగానే వెళ్లాలి, అప్పుడు 500 దాటుతుంది. అంటే 930 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి కొచ్చికి గాలిదారిన ఉన్న దూరం కంటే ఎక్కువే. పైగా ఎక్కడా దిగకుండా తిరిగి రావాలి.

ఇప్పుడు ఇంధనం. 450 నాట్ల (గంటకు 450 నాటికల్ మైళ్ల) వేగమైతే పోవడానికి గంటా పది నిమిషాలు, రావడానికి అంతే. లక్ష్యం కోసం పైన తిరగడానికి గంటన్నర కలపండి. మొత్తం 4 గంటలకు కాస్త తక్కువ. సూపర్ హార్నెట్ (ఎఫ్/ఏ-18లో పెద్ద రకం) గంటకు రెండున్నర టన్నులు తాగుతుందని ఉజ్జాయింపుగా పెట్టుకుంటే తొమ్మిదిన్నర టన్నులు. డెక్కు మీదికి వచ్చేసరికి చేతిలో ఇంకో 2 టన్నులైనా ఉండాలి. ఒక సీటు రకం లోపల పట్టేది 6.5 టన్నులు, బయట తగిలించే ఒక 480 గ్యాలన్ల ట్యాంకుతో 8. లోటు మూడున్నర టన్నులు. ఇద్దరికీ కలిపి 7. గాలిలో ఇంధనం అందకపోతే ఆ దాడి లేదు.

ఆ 7 టన్నులు ఎవరు పోశారన్నదే అసలు ప్రశ్న. నౌక మీది సూపర్ హార్నెట్‌కే అదనపు ట్యాంకులు తగిలించి ట్యాంకరుగా, అంటే గాలిలో ఇంధనం పోసే విమానంగా, లేపొచ్చు. కానీ దాడికి పోవాల్సిన విమానం ఒకటి తగ్గిపోతుంది, అదీ ఇవ్వగలిగింది కొంచెమే. పెద్ద మొత్తం కేసీ-135 లాంటి భూస్థావరపు ట్యాంకర్ల నుంచే రావాలి. అందుకే ‘నౌక ఉంటే పరాయి గడ్డతో పనిలేదు’ అన్నది సగం నిజం. తన నేల నుంచి బాంబర్లు లేవడానికి ఒప్పుకోని దేశం ట్యాంకర్లకు ఒప్పుకోవచ్చు, అంతే తేడా.

ఇందులోనూ ఒక చిక్కుంది. అమెరికా వాయుసేన విమానాలు ట్యాంకరు చాచే బూమ్ అనే గట్టి గొట్టం నుంచి తాగుతాయి, నౌకాదళం విమానాలు తమ గొట్టాన్ని వేలాడే బుట్టలోకి దూరుస్తాయి. కేసీ-135 బూమ్ చివర పొట్టి హోసు, గట్టి ఇనుప బుట్ట బిగించి సర్దుతారు. పైలట్లు దాన్ని ‘ఐరన్ మెయిడెన్’ అని తిట్టుకుంటారు. కాస్త అటూ ఇటూ అయితే అది విమానపు గొట్టాన్నే విరిచేస్తుంది. ఆ బుట్టను నేల మీదే బిగించాలి, నేల మీదే విప్పాలి.

తర్వాత డెక్కు. లేపడం, దింపడం గంటా పావు నుంచి గంటా ముప్పావు ఆవృత్తాల్లో నడుస్తాయి. నాలుగు గంటల దాడి అంటే రెండు మూడు ఆవృత్తాలు దాటి వస్తుంది. ఒక విమానం ఆలస్యమైతే నౌక గాలికి ఎదురుగానే పోతూ ఉండాలి. గల్ఫ్‌లో షమాల్ గాలి వాయవ్యం నుంచి వీస్తుంది. దానికి ఎదురు వెళ్లడమంటే నీటి లోతు తగ్గే కొస వైపే పరుగు.

ఇక బాంబు. 500 పౌండ్లే ఎందుకు? పక్కవాళ్లకు ముప్పు తగ్గించడం ఒక కారణం, దిగే బరువు మరొకటి. సూపర్ హార్నెట్ డెక్కు మీద అడ్డంగా కట్టిన తీగను కొక్కెంతో పట్టుకుని దిగేటప్పుడు మొత్తం 20 టన్నులు దాటకూడదు. ఖాళీ బరువు, బయట తగిలించే పరికరాల పెట్టెలు (పాడ్‌లు) పోగా ఇంధనానికీ వాడని ఆయుధాలకూ కలిపి మిగిలేది 4 టన్నులు. లక్ష్యం దొరక్క బాంబులతో తిరిగొచ్చే రోజులు ఎక్కువే. 2,000 పౌండ్లవి నాలుగు మోసుకెళ్తే అవే మూడున్నర టన్నులు, రాత్రిపూట తీగ తప్పితే మళ్లీ తిరిగి రావడానికి ఇంధనం ఉండదు. సముద్రంలో పారేయడం ఒకటే దారి. లేజర్ బాంబుకు దుమ్ము, మబ్బు శత్రువులు. జీపీఎస్ బాంబుకు వాటితో పేచీ లేదు గానీ కదిలే బండి మీద అది పనికిరాదు.

నౌక అణుశక్తితో నడిచినా విమానాల ఇంధనం అయిపోతూనే ఉంటుంది. సరఫరా ఓడను 50 మీటర్ల దూరంలో పక్కపక్కనే నడిపి గొట్టాలతో ఎక్కించుకోవాలి, ఆ సేపు గాలికి తిరిగే స్వేచ్ఛ ఉండదు. పోసుకునేది జేపీ-5, 60 డిగ్రీల సెల్సియస్‌కు లోపు అంటుకునే ఆవిరి ఇవ్వని రకం. 1967లో ఫారెస్టల్ నౌక అగ్నిప్రమాదంలో 134 మంది పోయారు. డెక్కు మీద నిప్పంటే భయం ఊరికే రాలేదు.

చేయి తిరిగాక ఇదే లెక్క అఫ్గానిస్తాన్ మీద అమెరికా దాడులు మొదలుపెట్టిన 2001 అక్టోబరు 7కి వేసి చూడండి. ఎంటర్‌ప్రైజ్, కార్ల్ విన్సన్ అనే విమానవాహక నౌకలు అరేబియా సముద్రంలో ఉన్నాయి. దారి పాకిస్తాన్ మీదుగా. నౌకను 24 ఉత్తరంలో పెట్టుకుంటే కాందహార్‌కే 450 నాటికల్ మైళ్లు దాటుతుంది, కాబూల్‌కు 650 పైమాటే. అక్కడ బ్రిటిష్ వీసీ10, ట్రైస్టార్ ట్యాంకర్లకు అంత గిరాకీ ఎందుకొచ్చిందో వాటి వెనక వేలాడే బుట్టలే చెబుతాయి.