సీసీఎన్‌ఏ ఒక్కటే సరిపోదు, ల్యాబ్ కూడా చేయండి

నెట్‌వర్కింగ్ ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి మారతహళ్లి పీజీల్లో దిగే మన పిల్లలకు ఒక మాట. సిస్కో కంపెనీ ఇచ్చే తొలి మెట్టు నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ సీసీఎన్‌ఏ చేస్తే లాభమే. ఫ్రెషర్‌కి చూపించుకోవడానికి అనుభవం ఉండదు కాబట్టి, హెచ్ఆర్ వాళ్లు రెజ్యూమెను పక్కన పడేయకుండా అది కాపాడుతుంది. దాని పని అంతవరకే.

ఇంటర్వ్యూలో నేను మొదట అడిగేది ఇది: "పీసీకి 169.254తో మొదలయ్యే ఐపీ వచ్చింది, ఏం చేస్తావ్?" డంప్స్ (బయటికొచ్చిన పరీక్ష ప్రశ్నలు, జవాబులు) బట్టీ పట్టినవాళ్లు ఇక్కడే నీళ్లు నములుతారు. పీసీలకు ఐపీ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి అడ్రస్ అందక పీసీ తనంతట తానే పెట్టుకున్న నంబరది. కేబుల్ బాగుందా, స్విచ్ పోర్టు సరైన వీల్యాన్‌లో (స్విచ్‌లో విడగొట్టిన నెట్‌వర్క్ భాగంలో) ఉందా, సర్వర్ వేరే నెట్‌వర్క్‌లో ఉంటే రౌటర్‌లో హెల్పర్ అడ్రస్ (పీసీ అడిగింది ఆ సర్వర్‌కి చేరవేసే సెట్టింగ్) ఇచ్చారా, స్కోప్‌లో (సర్వర్ పంచడానికి పెట్టుకున్న వరుసలో) అడ్రస్‌లు అయిపోయాయా... ఇలా ఒక వరుసలో చెబితే సర్టిఫికెట్ లేకపోయినా నాకు ఓకే.

ఇలా చెప్పగలగాలంటే ల్యాబ్ చేయాలి. కంప్యూటర్‌లోనే నెట్‌వర్క్ కట్టి చూసుకునే సాఫ్ట్‌వేర్ సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఉచితమే. రెండు స్విచ్‌లు, ఒక రౌటర్ పెట్టి, కావాలనే ఒక పోర్టును వేరే వీల్యాన్‌లో వేసి పాడుచేయండి. మళ్లీ మీరే బాగుచేయండి.

సీసీఎన్‌ఏ పరీక్ష ఫీజు 300 డాలర్లు, పైన పన్ను. ఫెయిలైతే మళ్లీ కట్టాలి. పాసైనా చెల్లేది 3 ఏళ్లే, అందుకే ఉద్యోగాల వేటకి కాస్త ముందు రాయండి. దాని పై మెట్టు సర్టిఫికెట్ సీసీఎన్‌పీ జోలికి ఇప్పుడే వద్దు. అనుభవం లేనివాళ్ల రెజ్యూమెలో అది కనిపిస్తే మాకు అనుమానమే ఎక్కువ.