మీ ఊరి చరిత్ర రాయాలంటే: పహాణీ నుంచి శాసనం దాకా

వరంగల్ చుట్టుపక్కల ఊరి చరిత్ర అనగానే చాలామంది "మా ఊరు కాకతీయుల కాలం నాటిది" అని మొదలుపెట్టి, రెండో పేజీకల్లా రజాకార్ల కాలంలో తేలతారు. నడుమ ఆరు వందల ఏండ్లు ఖాళీ. కాకతీయుల నాటిదని రాయాలంటే ఒక శాసనమో, గుడి స్తంభమో, చెరువు తూమో చూపించాలి. అది లేకపోతే పక్క ఊరివాళ్లు అడిగే మొదటి ప్రశ్నకే ఆ మాట పడిపోతుంది. అందుకే పని ఇవాళ్టి నుంచి మొదలుపెట్టి వెనక్కి పోవాలి. ముందు కాయితాలు, తర్వాత ముసలివాళ్ల మాట, ఆ తర్వాతే రాళ్లు.

మొదట సంపాదించాల్సింది గ్రామ నక్షా (ఊరి భూముల పటం), 1954-55 ఖాస్రా పహాణీ. తెలంగాణలో భూమి లెక్కలకు ఖాస్రానే పునాది. ఏ సర్వే నంబరు ఎన్ని ఎకరాలు, ఎన్ని గుంటలు (40 గుంటలు ఒక ఎకరం), పట్టా ఎవరిది, సాగు ఎవరిది, నీరు ఎక్కడిదన్నది అందులో ఉంటుంది. చరిత్ర రాసేవాళ్లు వెతకాల్సినవి మాత్రం ఇనాం, మక్తా (ఖాయం శిస్తుకు ఇచ్చిన భూమి), కంచె (పశువుల మేత భూమి), శిఖం అని రాసిన నంబర్లు. శిఖం అంటే చెరువులో మునిగే భూమి. ఆ నంబర్లన్నీ నక్షా మీద నీలం పెన్సిలుతో నింపితే, ఇప్పుడు కనబడని కుంటలు కూడా బయటపడతాయి. ఇనాం నంబర్లు గుడికో, మసీదుకో, ఊరి వృత్తుల వాళ్లకో ఇచ్చినవి కాబట్టి ఊళ్లో ఎవరు ఏ పని చేసేవాళ్లో అక్కడే తెలుస్తుంది. భూమి తగాదాలు నడుస్తుంటాయి కాబట్టి పుస్తకంలో నంబర్లు, విస్తీర్ణాలు వేయండి, పట్టాదారుల పేర్లు వద్దు.

నకళ్లకు తహసీల్దార్ కార్యాలయంలో దరఖాస్తు పెట్టాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. రుసుము మండల స్థాయిలో 5 రూపాయలు, అంతకు పైన 10, నకలుకు పేజీకి 2. గడువు 30 రోజులు. "మా ఊరి చరిత్ర మొత్తం ఇవ్వండి" అని అడిగితే తిరిగొస్తుంది. గ్రామం పేరు, రికార్డు పేరు, సంవత్సరం, సర్వే నంబర్లు రాసి అడిగితేనే దొరుకుతుంది. అంతకు ముందటి సేత్వార్ (తొలి భూసర్వే రికార్డు) కూడా అడగండి. 1948కి ముందువి ఎక్కువగా ఉర్దూలో ఉంటాయి. వాటిని మామూలుగా ఉర్దూ వచ్చినవాళ్ల చేత చదివిస్తే రెవెన్యూ మాటల దగ్గర తప్పులొస్తాయి. పాత వకీలు గుమాస్తాలు, సర్వే శాఖలో రిటైరైనవాళ్లు సరిగ్గా చదువుతారు. అంతకన్నా పాత జాగీరు, నిజాం కాలపు ఫార్సీ, ఉర్దూ దస్త్రాలకు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పోవాలి.

చాలామంది ఆగిపోయేది జిల్లా పేరు దగ్గర. కరీంనగర్ జిల్లా 1905 దాకా ఎలగందుల జిల్లా. ఖమ్మం 1953లో వరంగల్ నుంచి విడిపోయింది. 2016లో వరంగల్ ముక్కలైంది, 2019లో ములుగు వచ్చింది, 2021లో వరంగల్ అర్బన్ కాస్తా హనుమకొండ అయింది. మండలాలు 1985 నుంచే, అంతకు ముందు తాలూకాలు. బయ్యారం ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్నా 2016 దాకా ఖమ్మం జిల్లాది. కాబట్టి ప్రతి దరఖాస్తులోనూ ఇప్పటి మండలం, జిల్లాతో పాటు పాత తాలూకా, పాత జిల్లా కూడా రాయండి. పాత జనాభా లెక్కల జిల్లా పుస్తకాల్లో ఊరిని వెతికేటప్పుడూ ఇదే పద్ధతి.

ముసలివాళ్లను "ఎప్పుడు" అని అడిగితే సంవత్సరం రాదు. గుర్తుండే సంఘటనకు ముడిపెట్టి అడగాలి: "తాతా, పోలీస్ యాక్షన్ అయినప్పుడు నువ్వు పశువులు కాసేటోనివా, నాగలి పట్టినవా?" "అవ్వా, పటేల్ పట్వారీలను తీసేసినప్పటికి నీ బిడ్డకు లగ్గమైందా?" 1948 సెప్టెంబరు పోలీస్ యాక్షన్, 1952 ముల్కీ గొడవ (స్థానికులకే ఉద్యోగాలన్న ఆందోళన), 1969 తెలంగాణ ఉద్యమం, 1986 ఆగస్టు గోదావరి వరద లాంటివి ఈ ప్రాంతంలో గట్టి గురుతులు. ఒకే సంగతిని వేర్వేరు వాడల్లో ముగ్గురిని విడివిడిగా అడగండి. గుంపులో అడిగితే పెద్ద గొంతు చెప్పిందే అందరి మాట అవుతుంది. గడి (దొర కోట) పక్కన ఉన్నవాళ్ల మాట, వెట్టి చేసినవాళ్ల మాట ఒకటి కావు. రెండూ పక్కపక్కనే రాయాలి, కలిపి ఒకటి చేయకూడదు.

ఊళ్లోకి వచ్చే కథకులను మరవద్దు. పద్మశాలీలకు కూనపులి, గౌడులకు గౌడజెట్టి, ముదిరాజులకు కాకి పడగల, గొల్లలకు మందెచ్చు, మాదిగలకు డక్కలివాళ్లు కులపురాణం చెబుతారు. ఏ ఊరు ఎవరి హక్కు, ఎవరెవరి ఇండ్లు ఎక్కడి నుంచి వచ్చాయన్నది వాళ్ల నోట ఉంటుంది. అడిగి రికార్డు చేయండి, వాళ్లకు రావాల్సిన త్యాగం (కథ చెప్పినందుకు ఇచ్చే కట్నం) ముందే ఇవ్వండి.

ఇక రాళ్లు. మీ ఊరి శాసనాన్ని ఇదివరకే ఎవరైనా చదివి ఉండొచ్చు. పురావస్తు శాఖ జిల్లాలవారీగా అచ్చువేసిన శాసన సంపుటాలను కాకతీయ విశ్వవిద్యాలయంలో, పెద్ద గ్రంథాలయాల్లో ముందు చూడండి. లేకపోతే ఫొటో తీయాలి. మధ్యాహ్నపు ఎండలో అక్షరాలు కనబడవు. పొద్దున్నే ఏటవాలు వెలుతురులోనో, చీకటి పడ్డాక టార్చిని రాయికి దాదాపు ఆనించి పక్క నుంచి వేసో తీయాలి. వెలుతురు ఎడమ, కుడి, పై, కింద వైపుల నుంచి నాలుగుసార్లు మార్చండి. ఎడమ నుంచి వెలుతురు వేస్తే కనబడని గుడి (అక్షరం మీది ఇకారపు గుర్తు) కింద నుంచి వేస్తే కనబడుతుంది. ఫ్రేముకు ఐదారు పంక్తులే ఉండాలి, మొదటి ఫొటోలోని చివరి పంక్తి రెండో ఫొటోలో మళ్లీ రావాలి. నాలుగు పలకల స్తంభమైతే ప్రతి ముఖానికి దిక్కు రాసి పెట్టుకోండి. పక్కన స్కేలు పెట్టడం తప్పనిసరి.

సుద్ద, పిండి, నూనె, ఇనుప బ్రష్, యాసిడ్ ఏదీ తగలనివ్వొద్దు. మెత్తటి బ్రష్, మంచినీళ్లు చాలు. సుద్ద రుద్దితే అసలు అక్షరం పోయి, మీరు ఊహించుకున్న అక్షరమే ఫొటోలో పడుతుంది. పూజలో ఉన్న రాయి మీద సున్నమో రంగో ఉంటే గీకొద్దు. రక్షిత కట్టడాల్లో కాగితం అచ్చు తీయాలంటే శాఖ అనుమతి కావాలి.

తేదీ లెక్క తెలిస్తే సగం పని అయినట్టే. శకవర్షానికి చైత్రం నుంచి పుష్యం తొలి భాగం దాకా 78, ఆ తర్వాత ఫాల్గుణం దాకా 79 కలపాలి. వేయిస్తంభాల గుడి శాసనం శక 1084 చిత్రభాను మాఘ శుద్ధ 13. మాఘం జనవరిలో పడింది కాబట్టి అది 1163. రామప్ప శాసనం శక 1135 శ్రీముఖ చైత్రం, 78 కలిపితే 1213. సంవత్సరం పేరును తప్పకుండా సరిచూడండి. అరవై ఏండ్లకోసారి అదే పేరు వస్తుంది: 1993-94 శ్రీముఖ, అందులోంచి 780 తీసేస్తే 1213. పేరుకూ అంకెకూ ఒక్క ఏడు తేడా వస్తే జరుగుతున్న ఏడు లెక్క, గడిచిన ఏడు లెక్క మధ్య తేడా అయ్యుంటుంది. పెద్ద తేడా వస్తే మీరు అంకె తప్పు చదివినట్టే. ౨, ౩ దగ్గర ఇది మామూలు. అంకెలకు బదులు శశి, వేద, బాణ అని మాటలుంటే (1, 4, 5) కుడి నుంచి ఎడమకు పేర్చాలి.

నిజాం కాలపు కాయితాల మీద ఫసలీ (రెవెన్యూ సంవత్సరం) ఉంటుంది. అప్పటి ఫసలీ అక్టోబరులో మొదలయ్యేది. డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపండి. జాగీర్ల రద్దు చట్టం ఫసలీ 1358 నాటిది, వచ్చింది 1949 ఆగస్టులో. హిజ్రీ అయితే 0.97తో గుణించి 622 కలిపితే దాదాపు సరిపోతుంది. 723 హిజ్రీ అంటే ఓరుగల్లు పడిపోయిన 1323.

శాసనంలో రాజు పేరు ఉన్నంత మాత్రాన రాజే వచ్చి ఊరు కట్టించినట్టు కాదు. రామప్ప గుడి కట్టించింది గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు. బయ్యారం చెరువు తవ్వించింది గణపతిదేవుని తోబుట్టువు మైలాంబ, ఆ చెరువు శాసనమే కాకతీయుల వంశావళికి పెద్ద ఆధారం. దానం ఎవరిది, పాలన ఎవరిది అన్నవి వేరువేరుగా రాయండి.

విడిగా పడి ఉన్న విగ్రహాలు, వీరగల్లుల (పోరులో చనిపోయిన వీరుల గుర్తు రాళ్ల) కచ్చితమైన చోటు నెట్లో పెట్టొద్దు. గుప్తనిధుల కోసం తవ్వేవాళ్లు వాటినే చూస్తారు. వివరాలు తహసీల్దారుకు, పురావస్తు శాఖకు రాసివ్వండి.

అచ్చుకు ముందు ప్రతిని ఊళ్లోని అన్ని వాడల వాళ్లకు చదివి వినిపించాలి. ప్రతి పేజీ కింద ఆధారం ఉండాలి: ఏ రికార్డు, ఏ సంవత్సరం, ఏ సర్వే నంబరు, ఎవరి మాట. అచ్చయ్యాక గ్రామ పంచాయతీకి, బడికి ఒక్కో ప్రతి, జిల్లా కేంద్ర గ్రంథాలయానికి రెండు ప్రతులు ఇచ్చి రసీదు తీసుకోండి. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా పోతాయి, అది మనదే కాబట్టి అడిగే హక్కుంది. 1904లో మొదలైన హనుమకొండ రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయానికి కూడా ఒకటి ఇవ్వండి. ఫొటోలు, మాటల రికార్డులు పెన్‌డ్రైవ్‌లో వేసి, ఫైలు పేరులోనే ఊరు, సర్వే నంబరు, తేదీ ఉండేలా పెట్టి ప్రతితో పాటు అప్పగించండి.