వానలు వెళ్లాక మన్యం కొండ ఎక్కేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు

దసరా దాటిందంటే చాలామంది చూపు అరకు, పాడేరు వైపు మళ్లుతుంది. వంజంగి, లంబసింగి లాంటి చోట్ల జనానికి కొదవ లేదు. అక్కడ కాలు బెణికితే చేయి అందించేవాళ్లు పదిమంది ఉంటారు. నేను చెప్పేది ఆ గుంపులు వద్దనుకుని, పశువుల కాపరులూ కట్టెలకెళ్లేవాళ్లూ తప్ప ఎవరూ నడవని కాలిబాట పట్టేవాళ్లకు. అక్కడ మీరు జారిపడితే ఆ రోజంతా అటుగా ఇంకెవరూ రాకపోవచ్చు. ఏ జాగ్రత్తయినా ఈ సంగతి గుర్తుపెట్టుకునే తీసుకోవాలి.

బండి ఆపిన ఊళ్లో ఒక్క ఇంటివాళ్లకైనా ఎటు వెళ్తున్నారో, ఎంతమంది వెళ్తున్నారో, ఏ వేళకు దిగుతారో చెప్పండి. దిగాక మళ్లీ కనబడి చెప్పండి, లేదంటే పాపం వాళ్లు చీకట్లో మీకోసం వెతుకుతారు. వీలైతే ఆ ఊరి మనిషినే తోడు పిలుచుకుని, కూలి ముందే మాట్లాడుకోండి. ఈ కాలంలో గడ్డి నడుమెత్తున పెరిగి బాటను మూసేస్తుంది. ఏది మనుషుల దారో, ఏది పశువులు తొక్కిన దారో మనకు తెలియదు, వాళ్లకు తెలుస్తుంది. ఇంకో ఉపాయం: దగ్గర్లో సంత ఏ రోజో కనుక్కుని ఆ రోజే వెళ్లండి. పై ఊళ్లవాళ్లు పొద్దున దిగి సాయంత్రం ఎక్కుతారు కాబట్టి ఆ పూట బాట మీద మనుషులుంటారు. రిజర్వు ఫారెస్టు అయితే అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టవద్దు.

108 బండి రోడ్డున్నంత వరకే వస్తుంది. రోడ్డు లేని గూడేల నుంచి రోగులను ఇప్పటికీ డోలీ కట్టి మోసుకొస్తున్నారు. మీ కాలు విరిగితే మోయాల్సిందీ వాళ్లే. ఆ బరువు వాళ్ల భుజాల మీద పెట్టకుండా ఉండటం మన బాధ్యత.

ఇక వేళ సంగతి. నవంబరులో ఇక్కడ సాయంత్రం ఐదున్నర కాకముందే పొద్దు గూకుతుంది. లోయలో అయితే ఎండ కొండ చాటుకు ఇంకా ముందే పోతుంది. పొద్దున మంచు విడిచేదాకా బయల్దేరలేం కనుక నడిచే సమయం మనం అనుకున్నదానికన్నా తక్కువే. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్కడున్నా సరే, శిఖరం ఎదురుగా కనబడుతున్నా సరే, వెనక్కి తిరగండి. ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. సిగ్నల్ కోసం వెతికి వెతికి ఛార్జింగ్ అయిపోదు, ముందే దింపుకున్న మ్యాపులో జీపీఎస్ మాత్రం పనిచేస్తుంది. టార్చి విడిగా ఉండాలి.

వానలు పోయాయని నమ్మకండి. తుపాన్ల కాలం ఇదే. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే ఉత్తరాంధ్రను కొట్టాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినబడితే ప్రయాణం మానుకోండి. వాన వెలిశాక కూడా నానిన కొండచరియలు రెండు మూడు రోజుల పాటు జారుతూనే ఉంటాయి. మీ నెత్తిన చినుకు పడకపోయినా పైన కురిస్తే గెడ్డ (కొండవాగు) పొంగుతుంది. నీళ్లు ఎర్రబడినా, మోకాలి పైకొచ్చినా దాటవద్దు. గెడ్డ పక్క బండల మీద పాచి ఎండినట్టే కనబడుతుంది. మడమతో గీరితే పై పొర లేచి కింద పచ్చటి జిగురు బయటపడుతుంది. అలాంటి బండ మీద కాలు వేయకుండా చుట్టూ తిరిగి వెళ్లండి.

కర్రతో గడ్డిని కదుపుతూ నడవండి. ముందేముందో చూడకుండా రాతి సందులో చేయి పెట్టకండి. పాము కరిస్తే కోయడం, గట్టిగా తాడు కట్టడం, మంత్రం వేయించడం ఏవీ వద్దు. కరిచిన కాలిని కర్రలు వేసి కదలకుండా కట్టి, నడిపించకుండా మోసుకుంటూ ఆసుపత్రికి చేర్చాలి. బండ కింద పెద్ద తేనెపట్టు కనబడితే పొగ, సెంటు, కేకలు లేకుండా పక్కకు తప్పుకోండి. ఎలుగుబంట్లు తెల్లవారుజామునా సందె వేళా తిరుగుతాయి కాబట్టి మాట్లాడుకుంటూ నడవడం మంచిది.

చీకటి పడ్డాక తొందరలో చేలకు అడ్డంపడి దిగకండి. పంట చేతికొచ్చే ఈ రోజుల్లో అడవిపందుల కోసం కొందరు దొంగచాటుగా కరెంటు తీగలు లాగుతారు. వాటికి తగిలి మనుషులు కూడా చనిపోయారు. రోజూ నడిచే బాట దూరమైనా దాని మీదే రండి.

నిండు చేతుల చొక్కా వేసుకోండి, ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపండి. పొదల్లో ఉండే కంటికి ఆనని పురుగులు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. ఇంటికి రాగానే వేన్నీళ్లతో స్నానం చేసి, ఆ బట్టలు వెంటనే ఉతకండి. చంకలు, గజ్జలు, మోకాలి వెనక చూసుకోండి. సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కనబడవచ్చు, నొప్పి ఉండదు కాబట్టి చాలామంది పట్టించుకోరు. మూడు వారాల లోపు జ్వరం వస్తే, పెచ్చు ఉన్నా లేకపోయినా, మన్యంలో పొదల్లో తిరిగొచ్చానని డాక్టరుకు మీరే చెప్పండి. మలేరియా పరీక్ష కూడా అడగండి. స్క్రబ్ టైఫస్‌ను తొలి రోజుల్లో గుర్తిస్తే మామూలు యాంటీబయాటిక్ మాత్రలతోనే తగ్గుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తుల దాకా, కిడ్నీల దాకా పోతుంది.