ఎవరి దొడ్డి చూసి మొక్క నాటాలి?

ఫోన్‌లో ఊటీ హైడ్రాంజియా చూసి ముచ్చటపడి తెచ్చిన మొక్క అమలాపురం దొడ్లో ఎండాకాలం దాటదు. దానికి రాత్రిళ్లు చల్లగా ఉండాలి. మనకేమో వైశాఖంలో అర్ధరాత్రి కూడా చెమట ఆరదు. అదే వీధిలో నాలుగిళ్ల అవతల ఏళ్ల తరబడి విరగబూస్తున్న సంపెంగని ఎవరూ ఫొటో తియ్యరు. తోట వెయ్యాలన్న కోరిక ఎక్కణ్ణుంచి పుట్టినా ఫర్వాలేదు. మొక్కని మాత్రం మన నీళ్లు తాగి, మన మట్టిలో బతికిన చోటు చూసే ఎంచుకోవాలి.

అందుకని ముందు మీ కాలవ నీళ్లే పారే చుట్టుపక్కల అన్నిటికన్నా పాత దొడ్డి ఎవరిదో కనుక్కోండి. ఒక్కసారి చూసి వచ్చేస్తే చాలదు. కాలవలు కట్టేసిన ఎండల్లో ఒకసారి, శ్రావణ భాద్రపదాల్లో పెద్ద వాన పడిన మర్నాడు ఒకసారి, పుష్యమాసంలో ఒకసారి వెళ్లాలి. ఎండల్లో ఎవరూ నీళ్లు పొయ్యకపోయినా పచ్చగా ఉన్నవేవో, వాన మర్నాడు నీళ్లెక్కడ నిలిచాయో చూడండి. అంట్లు తోమే చప్టా నీళ్లు పోయే దారిలో ఏముందో కూడా గమనించండి. దాదాపు ప్రతి ఇంట్లోనూ అక్కడ అరిటో చేమో ఉంటాయి. తడిని తాగేసే మొక్కలు కాబట్టి గోడ వారన మురుగు నిలవదని పెద్దవాళ్లు కావాలనే అక్కడ పెట్టారు.

అడగాల్సిన ప్రశ్న "ఇదేం మొక్కండీ" అన్నది కాదు. "మామ్మగారూ, ఈ చోట ఇదివరకు ఏం వేసేవారండీ? అదెందుకు పోయిందండీ?" అని అడగండి. బతికినవి కళ్లకే కనిపిస్తాయి, పోయినవి మాత్రం ఎవరైనా చెబితేనే తెలుస్తాయి. బొప్పాయి మూడుసార్లు వేస్తే మూడుసార్లూ మొదలు కుళ్లిందన్నారంటే ఆ వీధిలో భూమి లోపలి నీళ్లు బాగా పైకి ఉన్నాయన్నమాట. మీ దొడ్లో సంగతి తేల్చుకోవాలంటే వాన వెలిసిన రెండో రోజు గునపంతో రెండడుగుల గొయ్యి తియ్యండి. గంటలో అడుగున నీళ్లూరితే నిమ్మ, బొప్పాయి, దానిమ్మ, కరివేపాకు నేలమట్టాన నాటకూడదు. మూడడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు దిబ్బ పోసి దానిమీద నాటాలి. మట్టి అణిగి మొదటి ఏడాదికే దిబ్బ తగ్గిపోతుంది కాబట్టి తొలకరికి ముందు మళ్లీ ఎగదోయాలి.

మల్లెపొద దగ్గర

మల్లె కత్తిరింపు చదివితే రాదు, చేసేవాళ్ల పక్కన నిలబడి చూడాలి. ఏడాదంతా నీళ్లు, ఎరువు పోసి కత్తెర ముట్టుకోకపోతే మల్లె ఆకు వేస్తుంది గానీ పువ్వు వెయ్యదు. డిసెంబరు నెలాఖరున నీళ్లు ఆపెయ్యండి. పది పదిహేను రోజులకి ఆకు కాస్త వడిలినట్టవుతుంది, కంగారు పడొద్దు. సంక్రాంతి అటూ ఇటూగా నేలకి అడుగున్నర ఎత్తులో పొదంతా కోసెయ్యండి. ఎండు పుల్లలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు తీసేసి, మిగిలిన ఆకుని కింది నుంచి పైకి చేత్తో దూసెయ్యాలి. తర్వాత పాదు మట్టి నాలుగు అంగుళాల లోతు తిరగేసి, రెండు గంపల చివికిన గెత్తం కలిపి, అప్పుడు నిండా నీళ్లు పెట్టాలి. మొగ్గ కొత్త చిగురు కొసనే వస్తుంది, కత్తిరింపు అంతా ఆ చిగురు కోసమే. ఆకు దూయడానికి మనసొప్పక సగం వదిలేస్తే పూత ఒక్కసారి రాదు, చెదురుమదురుగా వస్తుంది. పచ్చి పేడ వేస్తే వేడికి సన్నవేళ్లు దెబ్బతింటాయి.

నచ్చిన చెట్టుని ఇంటికి తెచ్చుకోవడం

జామపండు రుచి చూసి గింజ దాచుకుంటే అదే రుచి వస్తుందన్న నమ్మకం లేదు. ఆ చెట్టే కావాలంటే గాలి అంటు కట్టాలి. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా, గాలిలో తడి ఉన్న రోజుల్లో కట్టుకోవచ్చు. పెన్సిలు లావున్న ఏడాది వయసు కొమ్మ ఎంచుకుని, కొసకి అడుగున్నర ఇవతల అంగుళం వెడల్పున చుట్టూ బెరడు వలవండి. బెరడు కింద జారుగా తగిలే పొరని కత్తి వెనకవైపుతో గీకి, చెక్క పొడిగా తగిలేదాకా తీసెయ్యాలి. అంటు తప్పిపోవడానికి ముఖ్య కారణం ఈ పొర మిగిలిపోవడమే. అది మిగిలితే పై బెరడూ కింది బెరడూ మళ్లీ అతుక్కుపోతాయి, వేరు రాదు.

చుట్టడానికి మన దగ్గర కొబ్బరి పొట్టుకి కరువు లేదు. దాన్ని మంచినీళ్లలో రెండు మూడుసార్లు కడిగితే ఉప్పు పోతుంది. పిడికిట్లో పిండితే చెయ్యి తడవాలి గానీ చుక్క కారకూడదు. నీళ్లోడేది కడితే కుళ్లుతుంది. నిమ్మకాయంత పొట్టు పెట్టి, పలచటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, రెండు కొసలా బిగించాలి. పైకొస వదులైతే వాన నీళ్లు దిగుతాయి. జామకి అయిదారు వారాలు, నిమ్మకి రెండు నెలల దాకా పడుతుంది. కాగితం లోంచి తెల్లవేళ్లు కనపడగానే కోసెయ్యకుండా, అవి కాస్త గోధుమరంగుకి తిరిగి పిల్లవేళ్లు వేసేదాకా ఆగండి. కోశాక సగం ఆకు తీసేసి, కుండీలో నాటి, మూడు వారాలు నీడన ఉంచాలి.

మందారం, నందివర్ధనం, గన్నేరు కొమ్మ గుచ్చితే చాలు. మనీప్లాంటు దొంగిలిస్తేనే బతుకుతుందంటారు, అడిగి తెచ్చుకున్నా బతుకుతుంది. కణుపు దగ్గర కొయ్యడమే దాని రహస్యం. మామిడి, సపోటా మాత్రం ఇంట్లో ప్రయోగాలు చెయ్యకుండా అంటుమొక్క కొనుక్కోవడం నయం.

కడియంలో ఎవర్ని అడగాలి

రాజమండ్రి దగ్గర కడియపులంక, వేమగిరి, బుర్రిలంక వైపు నర్సరీలకి పొద్దున్నే వెళ్లండి. బిల్లు రాసే బల్ల దగ్గర ధరలు తెలుస్తాయి. మొక్క సంగతి తెలిసింది మాత్రం సంచులు నింపేవాళ్లకీ, అంట్లు కట్టేవాళ్లకీ. "ఇది వల నీడలో పెరిగిందా, ఎండలోనా? సంచి మార్చి ఎన్నాళ్లయింది?" అన్నవి రెండే అడగండి. నీడలో పెరిగినదాన్ని తెచ్చిన రోజే మండుటెండలో పెడితే ఆకు మాడుతుంది. పది పదిహేను రోజులు పొద్దుటి ఎండే తగిలే చోట ఉంచాలి. నిన్న సంచి మార్చిన మొక్కకి ఇంకా వేరు పట్టి ఉండదు, తీసుకోకండి.

ఇంటికి తెచ్చాక అసలు చిక్కు మట్టితో. సంచిలో ఉన్నది ఎర్రమట్టి, మన దొడ్లో ఉన్నది నల్లమట్టి. నల్లమట్టిలో గొయ్యి తీసి ఎర్రముద్దని అలాగే దించితే ఆ గొయ్యి వానల్లో గిన్నెలా నీళ్లు పట్టుకుంటుంది, ఎండల్లో నల్లమట్టి బిగిసి బీటలు వేస్తుంది. ముద్ద చుట్టూ మట్టిని వేళ్లతో కాస్త వదులు చేసి, సుడితిరిగిన వేళ్లు విడదీసి, గోతిలో సగం మీ మట్టి, పావు ఇసుక, పావు గెత్తం కలిపి నింపండి. ముద్ద పైభాగం నేలకన్నా రెండంగుళాలు ఎత్తుగా ఉండాలి. అంటు కట్టిన చోటు ఎప్పుడూ మట్టి పైనే ఉండాలి. దాని కిందనుంచి వచ్చే చిగుళ్లు తుంచెయ్యకపోతే రెండేళ్లకి అంటు పోయి అడుగు మొక్కే మిగులుతుంది.

కాటన్ దొర క్యాలెండరు

గోదావరి మీద కాటన్ దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆయన విగ్రహాలు మన ఊళ్లలో ఎన్ని ఉన్నాయో లెక్కలేదు గానీ, దొడ్లో మొక్కల మీద ఆయన పెత్తనం ఇప్పటికీ నడుస్తోంది. ఎండాకాలం ఆ ఆనకట్ట కాలవలు కట్టేస్తారు, అంచేత కొత్త మొక్క ఫిబ్రవరి తర్వాత పెట్టకండి. కాలవ వదిలి, నాలుగు వానలు పడ్డాక పెట్టండి. సముద్రానికి దగ్గరున్న ఊళ్లలో కాలవ కట్టేసిన రోజుల్లో నూతినీళ్లు ఉప్పదేరతాయి. ఆకు అంచులు కాలినట్టు ఎండుతుంటే ఆ నీళ్లనే అనుమానించాలి. పాదులో కొబ్బరి డొక్కలు వీపు పైకి ఉండేలా బోర్లా పరిస్తే తడి ఆరదు. గోతిలో పూడ్చేటప్పుడు మాత్రం దొప్ప పైకి, నీళ్లు పట్టేలా పెట్టాలి.

కొబ్బరితోటలో కోకో, అరటి, కంద, మిరియం పొరలు పొరలుగా పెరగడం చూసి ఇంట్లో అలాగే వెయ్యబోతే ముందు చెట్టు వయసు అడగండి. ఎనిమిదో ఏడు నుంచి పాతికేళ్ల దాకా కొబ్బరి కింద బాగా నీడ ఉంటుంది, తర్వాతే వెలుగు దిగుతుంది. మీరు చూసింది ముసలి తోట, మీది పదిహేనేళ్లదయితే అరటి గెల చిక్కదు. అంబాజీపేట కొబ్బరి పరిశోధనా కేంద్రంలోనూ, అరటికైతే కొవ్వూరు కేంద్రంలోనూ అడిగితే మీ చెట్ల వయసుకి తగ్గది చెబుతారు.

ప్రకృతి సేద్యం నేర్పే సుభాష్ పాలేకర్ మాట విని జీవామృతం, అంటే ఆవుపేడ, మూత్రం, బెల్లం, పిండి నీళ్లలో ఊరబెట్టిన ఎరువు, మొదలెట్టినవాళ్లు చాలామంది బెల్లం తగ్గించి, పిండి మానేసి, వాసన వచ్చిందని వదిలేశారు. ఎవరి పద్ధతయినా తొలిసారి మొత్తంగా చెయ్యాలి. దొడ్డికి సరిపడా కొలత: 20 లీటర్ల నీళ్లు, కిలో ఆవుపేడ, లీటరు ఆవుమూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. నీడలో గోనెసంచి కప్పి, రోజుకి రెండుసార్లు కలిపి, 48 గంటల తర్వాత వాడండి. మూత బిగిస్తే కుళ్లువాసన వస్తుంది. కుళాయి నీళ్లయితే ముందురోజు పట్టి మూత లేకుండా ఉంచాలి. వారం దాటినది మొక్కలకి పొయ్యకండి.

తెచ్చిన ప్రతి మొక్కకీ రేకుముక్క కట్టి ఎవరిచ్చారో, ఏ నెలో మేకుతో గీయండి. అది వేరు పట్టాక ఒక కొమ్మ అంటు కట్టి, ఇచ్చినవాళ్లకి గానీ ఊరి రెండో చివర ఇంకో ఇంట్లో గానీ ఇచ్చి రండి. కార్తీకంలో తుఫాను వచ్చి మీ చెట్టు పడిపోతే మళ్లీ తెచ్చుకోవడానికి ఒకటి నిలిచి ఉంటుంది.