గీజర్ మోగుతోందా? ముందు స్విచ్ ఆపి వినండి

గీజర్ చప్పుడు చేస్తోందని పిలిచిన ఇంట్లో నేను ముందుగా అడిగేది ఒకటే: "స్విచ్ ఆపినా చప్పుడు వస్తోందా?" చాలామంది ఆపి చూసి ఉండరు. కానీ అప్పటికే ఎవరో వచ్చి ఎలిమెంట్ (నీళ్లు వేడిచేసే రాడ్) మార్చి, డబ్బులు తీసుకుని వెళ్లిపోయి ఉంటారు. రెండు నిమిషాల్లో తేలిపోయే విషయం ఇది. చప్పుడు వచ్చే వేళకే స్విచ్ ఆపి, బాత్రూమ్ తలుపు వేసుకుని వినండి. ఆ తర్వాతే స్క్రూ డ్రైవర్ తీయండి.

ఆపితే చప్పుడు తగ్గిపోతోంది. వేస్తే చిటపట, బుస్సుమనే శబ్దం

ఇది సున్నం. హైదరాబాద్‌లో మంజీర, కృష్ణా నీళ్లు మాత్రమే వచ్చే ఇళ్లలో నెమ్మదిగా పడుతుంది. సంపులో బోరు నీళ్లో ట్యాంకర్ నీళ్లో కలిసే అపార్ట్‌మెంట్లలో తొందరగా పడుతుంది. ఎలిమెంట్ మీద తెల్లటి పొర గట్టిపడి, దాని కింద చిక్కిన నీళ్లు ఆవిరై పగులుతుంటే ఆ చిటపట వినిపిస్తుంది. ఎంసీబీ (కరెంటు కట్ చేసే బ్రేకర్ స్విచ్) దింపి, నీళ్లు ఖాళీ చేసి, ఎలిమెంట్ తీసి సిట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో నానబెడితే పొర వదులుతుంది. ట్యాంకు అడుగున పేరుకున్న పెళ్లలు కూడా తీయించండి. చాలామంది ఎలిమెంట్ ఒక్కటే కడిగి మూసేస్తారు, అప్పుడు నెలలోపే చప్పుడు మళ్లీ మొదలవుతుంది. తెరిచిన చేత్తోనే, ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడే మెగ్నీషియం రాడ్ చూడండి. సన్నని తీగలా అరిగి ఉంటే మార్చేయండి. థర్మోస్టాట్ 50 - 55 డిగ్రీల దగ్గర పెట్టుకుంటే సున్నం నిదానంగా పడుతుంది.

ఆపినా చప్పుడు ఆగడం లేదు. ఉండుండి టక్ టక్, ఒక్కోసారి దడదడ

ఎక్కువ ఇళ్లు మోసపోయేది ఇక్కడే. ఈ చప్పుడు ఉదయం ఆరు నుంచి ఎనిమిది మధ్య వస్తుంది. అదే వేళకు గీజర్ కూడా వేసి ఉంటుంది కాబట్టి తప్పు గీజర్ మీదికి పోతుంది. నిజానికి ఆ వేళకు బిల్డింగ్ మొత్తం స్నానాలు చేస్తోంది, టెర్రస్ మీద ప్రెషర్ పంప్ పని చేస్తోంది. చప్పుడు పుట్టేది అక్కడ. గీజర్ ట్యాంకు రేకుది కాబట్టి మీ గోడ మీద పెద్దగా మోగుతుంది.

పంప్ పక్కన చిన్న ప్రెషర్ ట్యాంక్ ఉంటుంది. అందులో ఒక రబ్బరు పొరకు అటు గాలి, ఇటు నీళ్లు. ఆ గాలి నెలల తరబడి మెల్లగా తగ్గిపోతుంది. దాన్ని చూసేవాళ్లు ఉండరు. గాలి తగ్గాక ఎవరో ఒక్క కుళాయి తిప్పినా పంప్ వెంటనే ఆన్ అయి, కొన్ని సెకన్లలోనే ఆఫ్ అయి, మళ్లీ ఆన్ అవుతుంది. ఆ ప్రెషర్ ఎగుడుదిగుడుకు మీ గీజర్ ఇన్‌లెట్‌లోని ఎన్ఆర్‌వీ (నీళ్లను వెనక్కి పోనివ్వని వాల్వు) తెరుచుకుంటూ మూసుకుంటూ కొట్టుకుంటుంది. ఎన్ఆర్‌వీ మంచిదైతే వేడినీళ్ల కుళాయి సన్నగా తిప్పినప్పుడే చప్పుడు వస్తుంది. అరిగి సరిగ్గా మూసుకోనిదైతే మీ కుళాయిలన్నీ కట్టేసి ఉన్నా వస్తుంది.

తేల్చుకోవడం కష్టం కాదు. గీజర్ కింద చల్లనీళ్ల యాంగిల్ కాక్ (పైపుకు ఉండే చిన్న కుళాయి) కట్టేయండి. గీజర్ స్విచ్ మాత్రం ఆపే ఉంచండి. చప్పుడు ఆగితే సగం తెలిసిపోయింది. ఇప్పుడు వాచ్‌మన్‌ని తీసుకుని టెర్రస్ ఎక్కండి. కింద ఏదో ఒక ఫ్లాట్‌లో ఒక్క కుళాయి తిప్పమనండి. పంప్ ఆగకుండా గిలగిలా ఆన్ ఆఫ్ అవుతుంటే కారణం దొరికినట్టే.

పరిష్కారం: పంప్ కరెంటు తీసేసి, ఆ లైన్‌లోని నీళ్లు వదిలేసి, ట్యాంకు మీద టైరుకు ఉన్నట్టే ఉండే వాల్వు దగ్గర గాలి కొలవాలి. పంప్ ఆన్ అయ్యే ప్రెషర్ కన్నా 0.2 బార్ తక్కువ ఉండాలి, అంటే 2 బార్‌కు ఆన్ అయ్యేదైతే 1.8. తక్కువైతే సైకిల్ పంపుతో కొట్టినా సరిపోతుంది. వాల్వు నొక్కగానే నీళ్లు చిమ్మితే లోపలి రబ్బరు చిరిగినట్టే, మార్చాలి. ఇది అందరి పంప్, ఖర్చు మెయింటెనెన్స్ నుంచి రావాలి. సెక్రటరీ గారిని టెర్రస్ మీదికి తీసుకెళ్లి చూపించండి, మాటలతో నమ్మరు.

పంప్ బాగయ్యాకే మీ ఎన్ఆర్‌వీ మార్పించండి. ముందే మారిస్తే కొత్తదీ అలాగే అరిగిపోతుంది. కొందరు ప్లంబర్లు "తీసేస్తే చప్పుడే ఉండదు" అంటారు. ఒప్పుకోకండి. అది లేకపోతే వేడినీళ్లు వెనక్కి చల్లనీళ్ల పైపులోకి పోతాయి. ఓవర్‌హెడ్ ట్యాంక్ కడిగే రోజు గీజర్ ఖాళీ అవ్వొచ్చు. అది చూసుకోకుండా స్విచ్ వేస్తే ఎలిమెంట్ మాడిపోతుంది.

మిగతావి

కుళాయి కట్టగానే ధన్‌మని ఒక్క దెబ్బ వినిపిస్తే పైపు క్లాంపులు వదులయ్యాయి, బిగించండి. నీళ్లు వచ్చేటప్పుడు ఈల వేస్తే యాంగిల్ కాక్ సగమే తెరిచి ఉంది, పూర్తిగా తెరవండి. ట్యాంక్ కడిగిన మర్నాడు గుడగుడమంటే లోపల గాలి ఉంది, వేడి కుళాయి ధార నిలకడగా వచ్చేదాకా వదిలి ఆ తర్వాతే స్విచ్ వేయండి. ఎప్పుడో ఒక టక్కు వస్తే అది థర్మోస్టాట్, పట్టించుకోనక్కర్లేదు.

స్విచ్ బోర్డు దగ్గర గుర్రుమంటూ మాడిన వాసన వస్తే మాత్రం ఆలస్యం వద్దు. 2 కిలోవాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, వదులైన వైరు కాలిపోతుంది. సేఫ్టీ వాల్వు నుంచి ఆవిరి బుసకొడుతుంటే థర్మోస్టాట్ పని చేయడం లేదు. వాల్వుకు ప్లగ్గు బిగించి కారడం ఆపేవాళ్లను నేను చూశాను; ఆ పని ఎప్పుడూ చేయకండి, ట్యాంకే పేలొచ్చు. ఎంసీబీ దింపి, సర్వీస్ వాళ్లు వచ్చి చూసేదాకా అలాగే ఉంచండి.